జమైకాలో కారేపల్లి నాలుక

కారేపల్లిలో పురుగుమందుల కొట్టు పెట్టుకున్న కుమారస్వామికి పరీక్షలూ పరికరాలూ అక్కర్లేదు. మిరప చేను పాడైందని రైతు గొడవకొస్తే ఒక కాయ కోసుకు రమ్మంటాడు. అతని ముందే దాన్ని పచ్చిగా నమిలి, రెప్ప వాల్చకుండా మింగుతాడు. "కారం సక్కగున్నది. ఇత్తనం మంచిదే, మందు మంచిదే. నువ్వే టైముకు కొట్టలే" అని తేలుస్తాడు. కన్ను చెమర్చని మనిషితో వాదించడం కష్టం. రైతులకు ఆ నాలుక మీదున్న నమ్మకంతోనే కొట్టు నడుస్తోంది.

నిరుడు యూరియా అడిగిన ప్రతివాడికీ ఒక మందు డబ్బా అంటగట్టి అమ్మకాల టార్గెట్ దాటాడు. మెచ్చిన కంపెనీ మరికొందరు డీలర్లతోపాటు ఆయన్నీ జమైకా తీసుకెళ్లింది.

పొద్దున్నే అందరూ సముద్రపు ఒడ్డుకు చేరారు. కంపెనీ బ్యానరు పట్టుకుని ఫొటోలు దిగారు. తర్వాత దుప్పటి పరిచి, సముద్రానికి వీపు పెట్టి పేకాటలో కూర్చున్నారు. పక్కనే రేకుల పందిరి కింద పెర్ల్ అనే ఆవిడ చేపలు వేయిస్తోంది. డీలర్లు వెంట తెచ్చుకున్న గోంగూర పచ్చడి రుచి చూపిస్తే ఆమె సీసా తిరిగి ఇవ్వలేదు.

కుమారస్వామి కొట్టుకు వీడియో కాల్ చేశాడు. అక్కడ సాయంత్రమైంది. అరుగు మీద కూర్చున్న రైతులు గుమాస్తా ఫోనులోకి తొంగిచూశారు.

"ఏంది సారూ, చెడ్డీ మీదున్నవ్?" అంది ఉప్పలమ్మ.

"ఈడ గిదే డ్రెస్సు."

"మేం కొన్న మందు డబ్బాలే నిన్ను గంత దూరం మోసినయి" అన్నాడు కాశయ్య. అరుగంతా నవ్వింది.

పెర్ల్ తెచ్చిన పళ్లెంలో చేప పక్కన గుమ్మడిపిందె లాంటి పసుపుపచ్చ మిరపకాయ ఉంది. అది వాసనకేనని, తినొద్దని ఆమె వేలు ఊపింది.

"మనవల్ల కాదంట బావా" అన్నాడు సత్తుపల్లి డీలరు హరిప్రసాద్.

"నావల్ల కాని మిరపకాయనా? ఊరంతా చూస్తున్నరు, ఫోను ఇటు పెట్టు."

హరిప్రసాద్ ఫోనును బీరు సీసాకు ఆనించాడు. కుమారస్వామి కాయను మొత్తంగా నోట్లో వేసుకున్నాడు. రెండోసారి నమిలేసరికి ముక్కూ కళ్లూ ఒక్కటయ్యాయి. లేచి సముద్రంలోకి పరుగెత్తి ఉప్పునీళ్లు పుక్కిలించాడు. మంట రెట్టింపైంది.

"సారూ, ఇత్తనం మంచిదేనా?" ఫోనులోంచి కాశయ్య అరిచాడు. ఈలలు పడ్డాయి.

పెర్ల్ ఆయన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టి, గ్లాసెడు చిక్కటి పాలు తాగించింది. తల నిమిరింది. మంట కాస్త నెమ్మదించింది. డీలర్లు మళ్లీ ముక్కలు పంచుకున్నారు. ఫోను సంగతి ఎవరికీ గుర్తులేదు.

మీరేం చేస్తుంటారని ఆమె అడిగితే హరిప్రసాద్ ఇంగ్లీషులో "మొక్కల డాక్టర్లం" అని చెప్పాడు. ఆమె గబగబా పందిరి వెనకున్న తన తోటలోకి వెళ్లి పూత మీదున్న మిరప కొమ్మ ఒకటి విరుచుకొచ్చింది. ఆకులన్నీ ముడుచుకున్నాయి. తోటంతా ఇంతేనట. ఏ మందు కొట్టాలని అడిగింది.

కుమారస్వామి పువ్వు విప్పి చూశాడు. లోపల నల్లతామర పురుగు, కారేపల్లి చేలను తింటున్నదే. ఇక్కడ ఆయనకు కొట్టు లేదు, టార్గెట్ లేదు.

"హరీ, ఆమెకు జెప్పు. దీనికి మందు లేదు. మనం అమ్మేటియి ఎన్ని కొట్టినా పురుగు సావది, పైసలే దండుగ. చెట్లు పీకి కాలబెట్టుకోమను. పాపం, మంచి మనిషి."

హరిప్రసాద్ ఆ మాటలే చెప్పాడు. పెర్ల్ గుండెమీద చెయ్యి పెట్టుకుని దండం పెట్టినంత పని చేసింది.

అప్పుడు గమనించాడు కుమారస్వామి, ఈలలు ఆగిపోయాయని. ఫోనులో అరుగంతా కదలకుండా ఉంది. ఉప్పలమ్మ ముఖం తెర నిండా వచ్చింది.

"ఆమె గూడ మిరపతోటనే పెట్టుకున్నదా సారూ?"

"అవ్."

"మరి మేం మంచి మనుషులం గాదా?"

కుమారస్వామి నోరు తెరిచాడు. కారం ఇంకా దిగలేదని, మాట రావడం లేదని చేత్తో సైగ చేశాడు.