ధర్మవరంలో ఆగని మిలిటరీ రైలు

ఇన్నేళ్లుగా మా వీధి నన్ను ఒక మంచిపనికి మెచ్చుకుంటోంది. ఆ మెప్పే నాకు బరువు. తిట్టయితే ఎప్పుడో దులిపేసుకునేదాన్ని. మెప్పును ఎలా దులుపుకోవాలి? మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కార్గిల్ యుద్ధం నాటికి నాది కొత్త కాపురం. పుట్టిల్లు హిందూపురం. మెట్టినిల్లు ధర్మవరంలో మగ్గాల వీధి. నా మాటలో కన్నడం దొర్లేది. డబ్బుల్ని దుడ్లు అంటే చాలు, కొళాయి దగ్గర ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నా బిందె వంతు ఎప్పుడూ చివరే. ఒక సాయంత్రం వాళ్లంతా గంగమ్మవ్వ చుట్టూ చేరి యుద్ధం గురించి మాట్లాడుతున్నారు. అవ్వ కొడుకు ఓబులేసు మిలిటరీలో ఉన్నాడు. అతని కబురు తెలిసి చాలా రోజులైంది. నన్నెవరూ చూడటం లేదు. నా నోట ఎలా వచ్చిందో వచ్చేసింది.

"రేపు పొద్దున మిలిటరీ రైలు వస్తాండాదంట. ఈడ ఆపుతారంట. పెనుకొండ స్టేషన్లో ఉండే మా చిన్నాయన చెప్పినాడు."

చిన్నాయన పెనుకొండ స్టేషన్లో ఉండేమాట నిజమే. ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మేవాడు. ఆయనకు మిలిటరీ రైళ్ల సంగతి ఏం తెలుస్తుంది? అందరూ ఒక్కసారి నావైపు చూస్తే చాలనుకున్నాను. చూశారు. నా బిందెను ముందుకు జరిపారు.

తెల్లారేసరికి వీధి వీధంతా పొయ్యిలు రాజేసింది. ఒక్క మగ్గమూ ఆడలేదు. చిత్రాన్నం, జొన్నరొట్టెలు, రోట్లో నూరిన శనక్కాయల ఊరుబిండి, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. ఏనాడూ నాతో నవ్వని మా అత్త "మా కోడలే చెప్పింది" అంటూ ఇంటింటికీ తిరిగింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. భయమా? భయం కొంచెమే. అంతమంది నా మాట మీద కదులుతుంటే కలిగిన సంతోషమే ఎక్కువ, అదే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

స్టేషన్‌కు అందరం గంపలు మోసుకుపోతే, వచ్చింది బెంగుళూరు పోయే మామూలు ప్యాసింజరు. గంగమ్మవ్వ అన్నం పొట్లాల గంప నెత్తిన పెట్టుకుని కిటికీ కిటికీకీ పోయి అడిగింది. "మిలిటరీ వాళ్లు యాడప్పా? మా ఓబులేసు ఉండాడా?" చివరి పెట్టె దాకా పోయింది. తిరిగి నా దగ్గరికొచ్చింది.

"యాడమ్మే రైలు?"

"తెల్లారుజామునే ఆగకుండా పోయిందంటవ్వా." ఇది రెండో అబద్ధం.

అంతలో కిటికీలోంచి ఒకాయన తల బయటపెట్టి, "పొట్లం ఎంతవ్వా?" అన్నాడు.

"యాడికి పోతాండారప్పా?"

"బెంగుళూరుకు, కూలికి. మా ముదిగుబ్బ దిక్కు వానల్లేవు కదా."

అవ్వ గంప దించింది. "నా కొడుక్కి యాడో ఎవరో పెడతాంటారులే. ఈడ మనం వీళ్లకు పెడదాం. దుడ్లొద్దులే అప్పా, తిను."

దుడ్లు అంది. నావైపు చూసి నవ్వింది కూడా.

ఆ తర్వాత ప్లాట్‌ఫారం మీద పెళ్లి భోజనాలే. గార్డు జెండా చంకలో పెట్టుకుని ఓళిగ తిన్నాడు. రైలు కదిలినా మావాళ్లు ఆగలేదు, వెంట పరిగెత్తి రొట్టెలు అందించారు. మా అత్త స్టీలు డబ్బా ఒకటి బెంగుళూరు వెళ్లిపోయింది. పోయిన డబ్బాను తలచుకుని ఆమె ఇల్లు చేరేదాకా పగలబడి నవ్వింది. నా భుజం మీద చెయ్యేసి నడిచింది. అంత ఆనందమైన పొద్దు నా కాపురంలో మళ్లీ రాలేదు.

చలికాలంలో ఓబులేసు సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు కానీ క్షేమంగా వచ్చాడు. దారిలో ఏదో స్టేషన్లో, భాష తెలియని ఆడవాళ్లు పూరీలు చేతుల్లో కుక్కి పంపారని చెప్పాడు. అవ్వ పరుగున మా ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"చూస్తివా! నువ్వు చెప్పబట్టే కదమ్మే మనం పెట్టింది."

ఏం చెప్పను? కళ్లలో నీళ్లతో నవ్వుతున్న మనిషికి ఏమని చెప్పను? అవ్వ కన్నుమూసేదాకా ఆ మాటే అందరితో చెప్పుకుంది. ఈ మధ్య సరిహద్దులో మళ్లీ అలజడి రేగినప్పుడు వీధిలోని కొత్త కోడళ్లు నా చుట్టూ చేరి ఆ రైలు కథ చెప్పమన్నారు. చెప్పాను. అందరూ చెప్పుకునేట్టే చెప్పాను.

ఆ అన్నం ఆకలిగొన్నవాళ్లకే చేరింది కదా అని నా మనసు సర్దిచెప్పబోతుంది. చేరింది. ఆ పుణ్యం వండినవాళ్లది. నేను చేసింది వేరు. కొడుకు కోసం ఎదురుచూసే తల్లిని ఆశ పెట్టి కిటికీ కిటికీకీ తిప్పాను. అవ్వ లేదు కాబట్టి క్షమించమని అడగడానికీ లేదు.

ఏ మిలిటరీ రైలూ లేదు. ఎవరూ నాకేమీ చెప్పలేదు. నేనే కల్పించాను. ఈ మూడు ముక్కలూ రాశాక పైకి చదివాను, నా చెవులారా నేనే వినేలా. ఎన్నాళ్లకో గుండె నిండా ఊపిరి అందింది.