పొద చాటు మాటలు

మా బాబాయి గడియారాలు బాగుచేసేవాడు. చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏ చక్రం తడబడుతోందో ఇట్టే పట్టేసేవాడు. అంతటి చెవి ఉన్న మనిషికి సొంత పెరట్లో రోజూ సాగే కబుర్లు ఏనాడూ వినపడలేదు.

ఒకే ఇంటిని నాన్నా ఆయనా సగం సగం పంచుకున్నారు. పెరటి కుళాయి ఎవరిదన్న దగ్గర మాటామాటా పెరిగి ముఖాలు చూసుకోవడం మానేశారు. ఆడవాళ్ళు కూడా మాట్లాడుకోకూడదని కట్టడి చేశారు. ఆ ఒక్క విషయంలోనే అన్నదమ్ములది ఒకే మాట.

రెండు పెరళ్ళ మధ్య మందార, నందివర్ధనం పొదలు మనిషెత్తు దాటి అల్లుకుపోయి ఉండేవి. మధ్యాహ్నం అంట్లు ముందేసుకుని అమ్మ ఇటు, చీపురు పట్టుకుని పిన్ని అటు కూర్చునేవాళ్ళు. నా చదువు దగ్గర్నుంచి పిన్ని మోకాళ్ళ నొప్పిదాకా అన్నీ ఆ ఆకుల సందుల్లోంచే దాటేవి. అమ్మ పగలబడి నవ్వడం నేను విన్నది అక్కడే.

అంతసేపు పెరట్లో ఏం పని అని బాబాయి అడిగితే, ఈ పొదల చెత్త ఎంత ఊడ్చినా తరగడం లేదు, నడుం పడిపోతోంది అనేది పిన్ని. పాపం, ఆయన నమ్మాడు. నమ్మి జాలిపడ్డాడు. ఆవిడ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు మనుషుల్ని పెట్టి పొదలన్నీ వేళ్ళతో సహా పెకలించి, జానెడేసి గులాబి మొక్కలు వరసగా నాటించాడు. తిరిగొచ్చిన పిన్నికి మురిపెంగా చూపించాడు. బాగున్నాయంది. ఇంకేమంటుంది?

మర్నాడు అమ్మ అంట్లు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అటు పిన్ని, పక్కనే మొక్కలకి నీళ్ళు పోస్తూ బాబాయి. ఇటు వసారాలో నాన్న. అమ్మ అంట్లతో సహా లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత వంటింట్లోనే తోముకుంది. పెరడు విశాలమైందని నాన్న మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ చలికాలం అమ్మ మంచం పట్టింది. వీధిలో ఎవరో చెబితే గానీ పిన్నికి తెలియలేదు. ఆ పూట ఆవిడ ఉన్నదంతా బాబాయి ముందు చెప్పేసిందట.

"ముందే చెప్పొచ్చుగా. పొదల జోలికి వెళ్ళేవాణ్ణి కాదు" అన్నాడాయన.

"చెబితే మాట్లాడనిచ్చేవారా?"

అప్పటికీ ఆయనకి వెళ్ళి చూసిరా అని మాత్రం నోరు పెగల్లేదు. మర్నాడు కొట్టు మూసేసి, ఊరంతా గాలించి, ఏపుగా పెరిగిన మందార మొక్కలు బండి మీద తెచ్చి, గులాబీలు పీకి తన చేత్తోనే నాటడం మొదలుపెట్టాడు. మా వైపు గేటు తీయడానికి మనసొప్పక గోతులు తవ్వే మనిషిని ఏమనాలి?

"అక్క మంచం దిగట్లేదు. ఈ మొక్కలెవరికి?" అంది పిన్ని.

బాబాయి పార వదిలేసి వెళ్ళి మా గేటు తీసి పట్టుకున్నాడు. పిన్ని లోపలికి వచ్చేసరికి అమ్మకి మాట పడిపోయి ఉంది. ఆవిడ మంచం పక్కన కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుని, పొద్దుపోయేదాకా ఒక్కతే మాట్లాడింది.