సౌనా హీటర్ బిగించిన రోజు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. తిరుపతిలో ఇరవై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాను. లైటు దానంతటదే వెలిగిందని ఎవరైనా భయపడితే, లూజు కనెక్షన్ చూపించి వచ్చేవాణ్ణి. ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చూపించలేను.

పలమనేరు దగ్గర రెడ్డెప్ప అనే పాడి రైతు ఇంట్లో చిన్న సౌనా గది కట్టించుకున్నాడు. తుంటి విరిగి పుత్తూరులో కట్టు కట్టించుకున్నాక, చలికి ఆయన నడుము పట్టేసేది. చెక్క గదిలో పొడి వేడికి కూర్చుంటే హాయిగా ఉంటుందని ఆశ. దానికి హీటరు బిగించడానికి నన్ను పిలిచాడు.

"పెద్ద హీటరే పెట్టప్పా, తొందరగా కాగల్ల" అన్నాడు.

ఆరడుగుల గదికి తొమ్మిది కిలోవాట్లు ఎక్కువని నచ్చజెప్పి ఆరు కిలోవాట్లది తెప్పించాను. మీటరు బోర్డు నుంచి దానికి విడిగా మందం వైరు లాగాను. ఎర్తింగ్ ఇచ్చాను, కరెంటు లీకైతే ఆగిపోయే బ్రేకరు పెట్టాను. హీటరు వెనక చెక్క గోడకు నాలుగంగుళాల దూరం ఉండేలా కొలిచి నేల మీద గుర్తులు పెట్టాను. మర్నాడు వడ్రంగి అదే గోడకు ఇంకో వరస పలకలు కొట్టాడట. నేను మళ్లీ కొలవకుండా పాత గుర్తుల మీదే స్టాండు బిగించేశాను. తప్పు నాదే.

కొత్త హీటరును మొదటిసారి తలుపు తీసిపెట్టి కాసేపు ఊరికే కాల్చాలి. పైపూత కాలి వాసన వస్తుంది. అందుకే వాసన వచ్చినా పట్టించుకోలేదు. పొద్దున పది గంటలప్పుడు ఇద్దరం ముందు వరండాలో కాఫీ తాగుతున్నాం.

లోపలి నుంచి ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"గువ్వా! ఆపురా! ఎనకాల కాలతాండాది!"

రెడ్డెప్ప చేతిలో గ్లాసు జారిపోయింది. ఇంట్లో ఉన్న ఆడమనిషి ఆయన తల్లి ఒక్కతే. పక్షవాతంతో మూడేళ్లుగా మాట పడిపోయి పెరటి గదిలో మంచాన ఉంది. ఆయన ఆమె దగ్గరికి పరిగెత్తాడు. నేను మెయిన్ ఆపి సౌనా గదిలోకి దూరాను. హీటరు వెనక పలక నల్లబడి పొగ కక్కుతోంది. ఇంకో అయిదు నిమిషాలైతే మంటే.

పలక ఊడబీకి, చల్లార్చి పెరటి గదికి వెళ్లేసరికి రెడ్డెప్ప తల్లి చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

"మాయమ్మ మాట్లాడిందప్పా! గువ్వంటే ఎవురు?"

"నేనే" అన్నాను.

మా అమ్మ నన్నలా పిలిచేది. నాకు పదేళ్లప్పుడు సూళ్లూరుపేటలో పోయింది. ఆ తర్వాత ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. నా భార్యకు కూడా తెలియదు.

పొగ వాసన పెద్దామెకు తగిలి ఉండొచ్చు. పోయిన మాట ఒక్కోసారి భయానికి పైకి రావచ్చని తర్వాత ఆమెను చూసిన డాక్టరూ అన్నాడు. సరే. కానీ ఆ పేరు?

తర్వాత దూరం సరిగ్గా కొలిచి హీటరును మళ్లీ బిగించాను. రెడ్డెప్ప నడుము ఇప్పుడు నయం. పెద్దామె మాత్రం మళ్లీ నోరు విప్పలేదు. అటు వెళ్లినప్పుడల్లా ఆమె మంచం పక్కన కూర్చుని, "గువ్వను, వచ్చినానమ్మా" అంటాను. ఆమె నా వైపు చూస్తుంది, అంతే. భయమేమీ వేయదు. ఇంకొక్కసారి పిలిస్తే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.