చిత్తం అనే ముందు

బట్ట కోయడంలోనే కాదు, మాట విసరడంలోనూ పదునెక్కువని ఆమెకు కత్తెరమ్మ అని పేరు పడింది. కుట్టుమిషను వంటగదిలో, పొయ్యికీ కిటికీకీ నడుమ ఉండేది. ఎంత జాగ్రత్తపడ్డా పెళ్ళిబట్టలకు నూనె వాసన పట్టేది. బస్టాండు వీధిలో అద్దాల తలుపున్న చిన్న కొట్టు కావాలని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసింది. మిషను ఏ మూల వెయ్యాలో కూడా దేవుడికి వివరంగా చెప్పి, చివర "నీ చిత్తం ప్రభువా" అనేది.

బస్సు డ్రైవరైన భర్త నవ్వేవాడు. "కొలతలు నువ్వే ఇచ్చి, గుడ్డ నువ్వే కోసేసి, ఆఖర్న మీ ఇష్టమండీ అన్నట్టుంది."

"మరి ఆయన కాదనడం లేదుగా? మౌనం అర్ధాంగీకారం!" అనేది కత్తెరమ్మ.

చివరికి ఆ వీధిలో గడియారాలు బాగుచేసే తాత కొట్టు ఖాళీ చేస్తూ కబురంపాడు: "నీకే ఇప్పిస్తానమ్మా. ఆదివారంలోగా మాట చెప్పు."

ఆ వారమే డ్రైవరు అక్క మెట్లమీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఆపరేషను అయింది గానీ, పక్కకు తిప్పడానికీ లేపడానికీ నెలల తరబడి ఒకరు అంటిపెట్టుకుని ఉండాలి. కొట్టు తీస్తే కత్తెరమ్మ పొద్దస్తమానం అక్కడే ఉండాలి. ఇంట్లో మూడో మనిషి లేరు.

"అక్కని వృద్ధుల హోములో చేర్పిద్దాం. నీ కొట్టుకి నేను అడ్డం రాను," అన్నాడు భర్త. అన్నాడే గానీ, ఆ పూట కంచం ముందునుంచి సగంలోనే లేచిపోయాడు.

కత్తెరమ్మ ప్రార్థన చేసింది. ఎప్పటిలాగే జవాబు లేదు. సరేనన్నట్టే అనుకుని, హోము మాట చెప్పడానికి ఆసుపత్రికి బయలుదేరింది.

పక్క మంచం ముసలమ్మ వణుకుతున్న చేతులతో నీళ్ళు తాగుతుంటే, వదిన పడుకున్నచోటినుంచే చెయ్యి చాచి గ్లాసు అడుగు పట్టుకుని ఉంది.

"హోములో బాగా చూస్తారట వదినా..."

"వెళ్తానమ్మాయ్. వంట తప్పింది, నాకేం! ఇంతకీ ప్రార్థన చేశావా?"

"చేశా. నీ చిత్తం అన్నా."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు... ఏమీ అనలేదు."

వదిన నవ్వబోయి, తుంటి లాగితే "అమ్మా" అంది. "జడ్జిగారింట్లో వంట చేసేటప్పుడు, అమ్మగారు పని చెప్పాక 'చిత్తమండీ' అనేదాన్ని. చెప్పకముందే చిత్తం అనేసి పరిగెడితే పనేమిటో తెలిసేదెట్లాగే పిచ్చిమొహమా? నన్ను ఉంచుకోమని కాదులే. హోముకే వెళ్తా."

ఇంతలో ఆయా వచ్చి వదినను పక్కకు తిప్పింది. మంచి పిల్లే, పని తొందరలో ఉంది. వదిన అరవలేదు. దిండు గుడ్డ పళ్ళతో కరిచి పట్టుకుంది.

కత్తెరమ్మ వరండా బెంచీమీద కూర్చుంది. ప్రార్థనకు నోరు తెరిస్తే అలవాటు కొద్దీ కొట్టు మాటే వచ్చింది. నోరు మూసుకుంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే. ఇక తెరవలేదు. ఏమీ అడగకుండా దేవుడి ముందు కూర్చోవడం ఆమెకు అదే మొదలు. పైనుంచి మాటేదీ వినబడలేదు. దిండు కరిచిన ఆ పళ్ళు మాత్రం కళ్ళముందు నుంచి పోలేదు. 'వదినను మేమే చూసుకోవాలని నాకు ఇంట్లోనే తెలుసు. తెలుసు కాబట్టే వినకుండా చిత్తం అనేశాను,' అనుకుంది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "చిత్తం" అని లేచింది.

తిన్నగా గడియారాల తాత దగ్గరకు వెళ్ళింది.

"కొట్టు ఇంకెవరికైనా ఇప్పించు తాతా."

"మతి పోయిందా? ఈ వీధిలో మళ్ళీ దొరకదే!"

"తెలుసు." ఆమె అద్దాల తలుపుమీది దుమ్ములో వేలితో గీత గీసింది. "ఆ అద్దాలు కాస్త తుడిపించు. వచ్చేవాళ్ళెవరైనా వెలుతురు కావాలిగా."

వదిన ఇంటికి వచ్చిన రోజు, పడకగదిలో మంచం ఆమెకిచ్చి, మిషను ఆ గుమ్మంలోకి లాక్కుంది కత్తెరమ్మ.

"జాలిపడి తెచ్చావా?" అంది వదిన. "కొట్టుమీద ఆశ చచ్చిందా?"

"నిక్షేపంలా ఉంది. మీ తమ్ముడి బస్సులో ఎక్కించినట్టు వెనక సీట్లో కూర్చోబెట్టా. స్టీరింగు మాత్రం ఇవ్వను."

"ముందుకొస్తానంటే?"

"రోజూ అంటుంది. రోజూ వెనక్కి పంపుతా. కబుర్లు చాలుగానీ, చెయ్యి నా మెడచుట్టూ వెయ్యండి. తొందరేం లేదు, మీరు ఊఁ అన్నాకే తిప్పుతా."

వదిన చెయ్యి వేసింది. కాసేపు ఊపిరి బిగబట్టి, "ఊఁ" అంది.