తలలో దండోరా

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏ కబురైనా ముందు మా తాత తప్పెట మీద మోగాల్సిందే. దొర్నిపాడు పక్కన చిన్న ఊరు మాది. కాలువకు నీళ్లు వదులుతున్నా, పశువుల డాక్టరు వస్తున్నా, మా తాత వీధి మలుపులో నిలబడి "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని రాగం తీసేవాడు. ఆ గొంతు చూసుకుని నాకు ఎక్కడలేని గర్వం.

నాకేమో కాళ్లు పొడుగు. ఆళ్లగడ్డ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు హైజంపులో మగపిల్లల్ని కూడా ఓడించేదాన్ని. కానీ అంతకు ముందు ఏడాది నంద్యాల పోటీల్లో మూడుసార్లు పరుగెత్తుకెళ్లి, మూడుసార్లూ కర్ర ముందు బిగుసుకుపోయాను. పడతావు, లంగా చిక్కుకుంటుంది, అందరూ నవ్వుతారు అని లోపల ఒకటే పోరు. ఈసారీ దూకకపోతే ఇక జట్టులో నా పేరుండదని డ్రిల్లు మాస్టారు ఖరాఖండిగా చెప్పేశారు.

పోటీలు రెండు రోజులున్నాయనగా నాకు అన్నం సయించలేదు. ఏమైందని మా తాత అడిగితే ఏడుస్తూ అంతా చెప్పాను. ఓదారుస్తాడనుకుంటే, తప్పెట తెచ్చి నా మెడలో వేశాడు. లోపల వినబడేదాన్ని తన రాగంలోనే చాటమన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. చాటనంటే వదల్లేదు. చివరికి ఆ కోపంలోనే నాలుగు దెబ్బలు వేసి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ పిల్ల ఎల్లుండి నంద్యాలలో బోర్లా పడబోతుందహో" అని అరిచాను. జొన్నలు చెరుగుతున్న మా అవ్వ చేట పక్కన పెట్టి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. ఏడాదిగా నన్ను పీడించిన మాట ఇదేనా అనిపించింది.

అప్పుడన్నాడు మా తాత, "మొన్న కాలవకు నీళ్లొస్తాయని సాటినా. వారమైనా సుక్క రాల్యా. నేను సాటితే అయిపోయినట్టేనామే? నీ తలకాయలో గూడా ఒకడు సాటుతాండాడు. సాటనీ. వాని నోరు మూయించను పోవద్దు. వాని మాట ఇని నిలబడొద్దు."

నంద్యాల మైదానంలో మొదటి రెండుసార్లూ మళ్లీ ఆగిపోయాను. పాణ్యం స్కూలు పిల్లలు కిసుక్కుమన్నారు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. సిగ్గు విడిచి, తప్పెట లేకుండానే, నేను బోర్లా పడబోతున్నానహో అని పైకే చాటాను. మైదానమంతా గొల్లుమంది. నేనూ నవ్వుకుంటూనే పరుగెత్తాను. ఇసుకలో పడి వెనక్కి చూస్తే కర్ర దాని చోటే ఉంది. ఎంత సంతోషమో చెప్పలేను. ఎత్తు పెంచిన ప్రతిసారీ ముందు చాటాను, తర్వాత దూకాను. మొదటి బహుమతి నాకే వచ్చింది. మర్నాడు మా తాత నన్ను ముందు నడిపించి, ఆ సంగతి వీధివీధినా చాటాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. లోపలివాడికి మాత్రం ముసలితనం రాలేదు. వాడు నోరు మూసుకున్న రోజు లేదు, ఆ పోటీల తర్వాత వాడి మాట విని నేను వెనక్కి తిరిగిన రోజూ లేదు. మొన్న కంటి ఆపరేషనుకు తీసుకెళ్తుంటే, ఇక ఈమెకు చూపు రాదహో అని మొదలుపెట్టాడు. నేనూ ఆ రాగంలోనే వాడితో గొంతు కలిపాను. ఏంటమ్మా అని అడిగింది పక్కనున్న నర్సు.

ఏం లేదు తల్లీ, దండోరా వేస్తున్నారు, నువ్వు పద అన్నాను.