నూలు మిల్లులో రహస్య ఓటు

1999 జూన్‌లో నేను సహాయ కార్మిక కమిషనర్‌గా గుంటూరులో చేరాను. యాజమాన్యానికీ కార్మికులకూ తగాదా వస్తే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ కుదర్చడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పని. తీర్పు చెప్పే అధికారం మాకు లేదు.

చేరిన మూడో వారంలో చిలకలూరిపేట దారిలోని ఒక నూలు మిల్లు నుంచి ఫోను వచ్చింది. యజమాని యంత్రాలు విప్పించి లారీలకెక్కిస్తున్నారనీ, కార్మికులు గేటుకు అడ్డంగా కూర్చున్నారనీ కబురు. వెంటనే జీపులో బయల్దేరాను. రెండు వందల మంది దాకా పనిచేసే మిల్లు అది. యజమాని వెంకట్రామయ్య గారు పత్తి రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. యూనియన్ల బెడద లేని చోట, పక్క రాష్ట్రంలో షెడ్డు చూసుకున్నానని దాపరికం లేకుండా చెప్పారు. వంద మందికి పైగా ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనీ, రాజీ చర్చలు నడుస్తుండగా పని పరిస్థితులు మార్చకూడదనీ వివరించి, చర్చల నోటీసు అక్కడే రాసిచ్చాను. యంత్రాలు దించారు. ఆయన మాత్రం మనసు మార్చుకోలేదు.

మొదటి చర్చకు మా ఆఫీసుకు నాలుగు యూనియన్లు వచ్చాయి. ఏడుగురు కలిస్తే యూనియన్ రిజిస్టరు చేయించుకోవచ్చన్నది అప్పటి చట్టం. గంట తిరగకముందే వాళ్లలో వాళ్లకే కేకలు మొదలయ్యాయి. వెంకట్రామయ్య గారు ఫైలు మూసి నా వైపు తిరిగారు.

“ఎవరితో మాట్లాడమంటారండీ? ఒకళ్లతో సంతకం పెడితే రెండో వాళ్లు మర్నాడే గేటు మూస్తున్నారు.”

గోడవారన కూర్చున్న మరియమ్మ అప్పుడు లేచింది. నూలును చిలపలుగా, అంటే కట్టలుగా చుట్టే సెక్షన్‌లో పనిచేసేది. నాలుగింటిలో చిన్న యూనియన్‌కు కార్యదర్శి. పదకొండేళ్లుగా బదిలీ కార్మికురాలు. అంటే పర్మనెంటు వాళ్లు రాని రోజునే ఆమెకు పని.

“ఓటు పెట్టండి సార్. గెలిచినోళ్లే మాట్టాడతారు. ఓడితే మా వాళ్లు నోరెత్తరు, అది నా పూచీ” అంది.

గుర్తింపు యూనియన్‌ను రహస్య ఓటుతో తేల్చే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. మిగతా మూడు యూనియన్లూ సరేనన్నాయి గానీ, బదిలీ వాళ్లకు ఓటు లేదని పట్టుబట్టాయి. వెంకట్రామయ్య గారూ అదే అన్నారు. ఓటిస్తే వాళ్లు తన కార్మికులేనని ఒప్పుకున్నట్టవుతుందని ఆయన భయం. నేను మూడు రోజులు మిల్లులో కూర్చుని హాజరు పట్టీలు తిరగేశాను. బదిలీ వాళ్లలో చాలామంది దాదాపు రోజూ పనిలో ఉన్నారు. వీళ్లను బయట పెట్టి కుదుర్చుకున్న ఒప్పందం నెల కూడా నిలవదని వెంకట్రామయ్య గారితో విడిగా చెప్పాను. చివరికి ఆయన ఓటర్ల జాబితా తెప్పించి, బదిలీ వాళ్ల పేర్లు చేర్పించి తనే సంతకం చేశారు. యజమానే ఒప్పుకున్నాక మిగతా యూనియన్లూ పట్టు వదిలాయి.

మిల్లు క్యాంటీన్‌లో పోలింగ్ పెట్టాం. మధ్యాహ్నం లెక్కింపు ముగిసేసరికి బదిలీ వాళ్ల ఓట్లు తోడై మరియమ్మ యూనియన్ పదిహేడు ఓట్ల తేడాతో గెలిచింది. ఆడవాళ్లు కొత్త నూలు చిలప తెచ్చి ఆమె మెడలో దండలా వేశారు. ఓడిన నాయకులు కూడా వచ్చి చేయి కలిపారు. నా సర్వీసులో అంత ఆనందంగా ముగిసిన పోలింగ్ ఇంకొకటి లేదు.

ఒప్పందానికి తర్వాత రెండు సిట్టింగులే పట్టాయి. బదిలీ వాళ్లను రెండు విడతల్లో పర్మనెంటు చేయడానికి ఆయన, పద్నాలుగు రోజుల నోటీసు లేకుండా సమ్మెకు దిగకుండా ఉండటానికి ఆమె ఒప్పుకున్నారు. నాలాంటి రాజీ అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం యూనియన్‌లో లేనివారికీ వర్తిస్తుంది. మరియమ్మ ప్రతి వాక్యం కింద వేలు పెట్టి రెండుసార్లు చదివాకే సంతకం చేసింది. అంతసేపూ వెంకట్రామయ్య గారు ఓపిగ్గా ఎదురుచూశారు. ఆ వారమే పక్క రాష్ట్రంలోని షెడ్డు వదులుకున్నారు. రెండేళ్లకు అదే ఆవరణలో కొత్త యంత్రాలు బిగించి, మరికొందరిని పనిలోకి తీసుకున్నారు.

ఆ తర్వాత ఏ యజమాని ఫ్యాక్టరీ తరలిస్తానన్నా, కార్మికుల తరపున ఎవరు మాట్లాడతారో ముందు తేల్చి, ఆ తర్వాతే చర్చకు కూర్చునేవాణ్ణి. ఆ క్రమం నాకు ఈ మిల్లు నేర్పింది.