అంజూరతోట వాటాదారులు

ఊరంతా సిదీ, అంటే అయ్యా, అని పిలిచే మెక్కీ కోపంతోనే పోయాడు. పుట్టుకతో కోపిష్ఠి కాదు. గాడిద కాలు తొక్కితే, కాస్త జరగవే తల్లీ అని దాన్నే బతిమాలే మనిషి. ఆ మనిషికి కోపం నేర్పింది, అరబ్బుల నేలను ఆక్రమించిన ఫ్రెంచి దొరల చట్టం.

మిలియానా కొండల కింద వాళ్లది పాత కుటుంబం. లోయలో గోధుమ పొలం, కొండవాలున ఊటబుగ్గ, దాని కింద అంజూరతోట. తండ్రి పోయిన కొత్తలో కరువు వచ్చింది. కొండల మీంచి జనం దిగారు. దారిలోనే తల్లిదండ్రులు రాలిపోగా పిల్లలు మాత్రం మిగిలారు. మెక్కీ ధాన్యం పాతర తవ్వించాడు. అతని భార్య తుర్కియ్యా బార్లీ జావ కాచింది. బతికిన పిల్లలు వాళ్ల వాకిట్లోనే పెరిగారు.

అన్నం పెట్టిన పుణ్యాత్ములు ఇంకొందరూ ఉన్నారు. మెక్కీ అక్కడితో ఆగలేదు. పిల్లలకు పెళ్లీడు వచ్చింది. ఆ ఊళ్లో పిల్లనిచ్చేవాడు అడిగేది ఒకటే: "చెట్టుందా వాడికి?" చెట్టు లేనివాడు ఊరి సభలో, జమాత్‌లో, గుమ్మం పక్క చెప్పుల దగ్గర కూర్చోవాలి. నోరెత్తకూడదు. మెక్కీ ఖాజీని పిలిపించి, ఆ అనాథలందరికీ అంజూరతోటలో వాటా రాయించాడు. తోటను ముక్కలు చెయ్యలేదు. ఏ చెట్టు ఎవరిదంటే చెప్పగలిగేవాడు లేడు. అంతా అందరిదీ.

"మన బిడ్డలకేం మిగులుస్తావు, ఆకులా?" అంది తుర్కియ్యా.

"ఆకులు మేకలకి. బిడ్డలకి మనుషులు మిగులుతారు."

"మనుషుల్ని ఉడకేసుకు తింటారు కాబోలు," అంది గానీ, ప్రతి పెళ్లికీ గోధుమరవ్వ కూస్‌కూస్ తనే వండింది.

ఆ పెంపుడు పిల్లల్లో పెద్దవాడు కద్దూర్. నవ్వులాటల మనిషి. ఒక చలికాలం అతని మేకలు ప్రభుత్వ అడవిలోకి పోయాయి. అది ముందు ఊరివాళ్ల అడవే. అడవి జవాన్లు మేకల్ని తోలుకుపోయి, కద్దూర్‌ను ఠాణా కొట్లో పడేశారు. విచారణ లేదు. కింద ద్రాక్షతోటలున్న రిగాల్ దొర ఆ ఠాణాకి వెళ్లాడు. ఆ దొర కన్ను ఎన్నాళ్లుగానో ఊటబుగ్గ మీద ఉంది; తోట ఎవరిదో బుగ్గా వాళ్లదే. ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకుని కద్దూర్‌ను విడిపించాడు.

కబురు తెలిసి మెక్కీ కద్దూర్ ఇంటికెళ్లాడు. కద్దూర్ భార్య రెబీహా గుమ్మంలో తలవంచుకుని నిలబడి ఉంది.

"ఏం అమ్మావురా?"

"ఆ దొర నా వాటా కొన్నానంటాడు, సిదీ. ఎలా అమ్ముతాను? అది మనందరిదీ కదా! అందరిదాన్నీ ఒక్కడెలా అమ్ముతాడు? పిచ్చిదొర, గాలిని మూటకట్టుకుపోయాడు."

మెక్కీ కూడా నవ్వాడు. తాతల నాటి నుంచీ అంతే. ఉమ్మడి తోటలో వాటా పరాయివాడికి పోదు. పోదు గనక, వేలిముద్ర వేసినా వెయ్యనట్టే. ఊళ్లో ఎవడైనా ఆ ముద్ర వేసి ఉండేవాడే.

గోధుమలు పాలు పోసుకునే వేళకి కోర్టు పిలుపు వచ్చింది. జడ్జి మాట్లాడుతుంటే పక్కనున్న దుబాసీ చెప్పాడు.

"రిగాల్ దొర మీతో ఉమ్మడిలో ఉండలేడట మామా. ఎవరినీ బలవంతంగా ఉమ్మడిలో ఉంచకూడదని చట్టం. ఈ తోట పంచడానికి వీల్లేదు కాబట్టి మొత్తం వేలం వేస్తారు."

"ఉండలేకపోతే పొమ్మను. మేం రమ్మన్నామా?"

దుబాసీ గొంతు సవరించుకున్నాడు. జడ్జికి ఏమీ చెప్పలేదు.

"చెప్పరా ఆ మాట!"

"చెప్పను మామా. పెళ్లాం పిల్లలు ఉన్నవాణ్ణి."

"నాకూ ఉన్నారు. చెప్పు!"

దుబాసీ ఏదో చెప్పాడు. జడ్జి చిరునవ్వు నవ్వాడు. అంటే చెప్పింది వేరే మాట.

మెక్కీ లోయలోని గోధుమ పొలం ఇంకో దొరకి అమ్మి వేలంపాటకి వెళ్లాడు. రిగాల్ విసిగి వదిలేసేదాకా పాడాడు. తోట దక్కింది, ఒక్క అతని పేరున. వేలం జరిపిన అధికారి మెక్కీ చెయ్యి పట్టి ఊపాడు. "ఇప్పుడు నువ్వు అసలైన యజమానివి. ఇంకెవరి పీడా లేదు." మెక్కీ ఆ చేతిని భుజం మీది ఉన్ని బుర్నూసుకి తుడుచుకున్నాడు.

అక్కణ్ణించి నేరుగా ఖాజీ దగ్గరికెళ్లాడు.

"మళ్లీ రాయండి. ముందున్న పేర్లన్నీ. కద్దూర్‌ది కూడా."

ముసలి ఖాజీ కలం ముట్టుకోలేదు. "రాస్తాను. రేపు ఇంకొకడి మేక అడవిలో పడుతుంది. అప్పుడేం అమ్ముతావు? నీకు ఇంకో పొలం లేదు."

"అయితే దేవుడి పేర వక్ఫు రాయండి."

"వక్ఫుల్నే అమ్మించేస్తున్నారయ్యా వాళ్లు. నీ పేరునే ఉంచుకో. నువ్వు పెట్టు, వాళ్లు తింటారు."

"తిండి వేరు, వాటా వేరు!" మెక్కీ అరుపుకి బయటి గాడిదలు బెదిరాయి. "తిండి కుక్కకి కూడా పెడతాం!"

మెక్కీ చివరికి రాయించలేదు. అతనికి అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే.

ఆ శుక్రవారం జమాత్‌లో చెప్పాడు: "కాగితం ఒక్కటే నా పేరున ఉంది. తోట మీదే." కద్దూర్ తన చోటి నుంచి లేచి, చెప్పుల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. వెనకాలే మిగతా వాటాదారులూ ఒక్కొక్కరూ లేచారు.

వేసవి వచ్చింది. అడవి అంజూరకాయలు దండలు గుచ్చి తోట చెట్లకు వేలాడదీసే రోజులు. ఆ కాయల్లోంచి పురుగులు వెళ్లి తాకకపోతే తోటకాయ పండదు, రాలిపోతుంది. ఆ పనికి ఏ ఏడూ ఎవరినీ పిలిచింది లేదు. తెల్లారేసరికి అందరూ కొమ్మల మీదే ఉండేవాళ్లు. ఆ ఏడు తెల్లారింది, ఎవరూ లేరు. మెక్కీ ఒక్కడే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. పొద్దెక్కాక చూస్తే గోడ అవతల అందరూ నిలబడి ఉన్నారు.

"ఏం చూస్తున్నార్రా? కాయలు ఎండిపోతున్నాయి, రండి!"

ముందున్న రెబీహా అడిగింది. "కూలెంత సిదీ?"

"కూలా! మీకు జావ పోసిన చేతుల్తో కూలివ్వాలా? సిగ్గు లేదుటే?"

"జావ గుర్తుంది. అందుకే నీ తోటకి వచ్చాం, రిగాల్ తోటకి పోలేదు. అరవకు సిదీ. తోట మాది కానప్పుడు ఊరికే చేస్తే వెట్టోళ్లమవుతాం. కూలి తీసుకుంటే కూలోళ్లం. అది నయం కాదూ?"

కద్దూర్ నేలచూపులు చూస్తున్నాడు. మెక్కీ రిగాల్‌ని తిట్టాడు, జడ్జిని తిట్టాడు, దుబాసీని తిట్టాడు, చేతిలోని దండ నేలకేసి కొట్టాడు. రెబీహా కదల్లేదు.

కూలి ఎంతో చెప్పాడు.

వాళ్లు లోపలికొచ్చారు. పని బాగానే చేశారు. పొద్దు వాలగానే దిగి, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఇంకా దండలు కట్టని చెట్లు మిగిలాయి. అంతకుముందు ఏనాడూ అలా మిగల్లేదు. మెక్కీ నిచ్చెన లాక్కుంటూ వాటివైపు నడిచాడు, తిడుతూనే.